ఉబ్బసం గుర్తులు: ఒక ప్రమాణ విచారం

ఉబ్బసం ఉన్న మనిషి శ్వాసనాళాల లోపలి వాపును వైద్యుడు కళ్లతో చూడడు. బ్రాంకోస్కోప్ వేసి నాళం గోడ నుంచి చిన్న ముక్క తీస్తే మైక్రోస్కోపు కింద కనబడుతుంది గానీ, పిల్లికూతలతో వచ్చిన ప్రతి రోగికీ ఆ పని చేయరు, చేయకూడదు కూడా. అందుకని వాపును దాని గుర్తుల ద్వారానే పట్టుకుంటారు: రక్తంలో ఇసినోఫిల్ కణాల లెక్క, బయటికి వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్, తెమడలో కనిపించే కణాలు, రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షకం. ల్యాబ్ కాగితం మీద ఇవన్నీ అంకెలుగా వస్తాయి. కనబడే అంకెను పట్టుకుని కనబడని వాపును నిశ్చయించే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? న్యాయదర్శనమనే మన పాత తర్కశాస్త్రం శతాబ్దాల తరబడి నలిపిన ప్రశ్న ఇదే. దాన్ని మళ్లీ అడగడానికి ఉబ్బసం కంటే మంచి సందర్భం దొరకడం కష్టం.

తర్కం చదివేవారు ఇప్పటికీ మొదట పట్టే పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం ఆ శాస్త్రానికి పాఠ్యోదాహరణ. కొండ పక్షం, అంటే విచారిస్తున్న చోటు; నిప్పు సాధ్యం, అంటే రుజువు చేయాల్సింది; పొగ హేతువు, అంటే గుర్తు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న నియమం వ్యాప్తి. వ్యాప్తి గట్టిదైతేనే అనుమానం, అంటే గుర్తును బట్టి తెలుసుకోవడం, ప్రమాణం (నమ్మదగిన జ్ఞానమార్గం) అవుతుంది, లేకపోతే అది ఒట్టి ఊహ. ఉబ్బసంలో రోగి శ్వాసనాళం పక్షం, ల్యాబ్ అంకె హేతువు. సాధ్యం ఏమిటన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఉబ్బసం ఉందని రుజువు చేయాలా, వాపు ఉందనా, ఫలానా మందు పనిచేస్తుందనా? మూడూ ఒకటే అనుకోవడం వల్ల వైద్యంలో చాలా ఏళ్లు వృథా అయ్యాయి.

ఈ గుర్తులు పుట్టే తీరు తెలిస్తే అవి ఏం చెప్పగలవో కొంత తేటపడుతుంది. ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగుల రెట్ట, పుప్పొడి, వైరస్ వంటివి శ్వాసనాళాల లోపలి పొరకు తగిలినప్పుడు ఆ పొర కణాలు టీఎస్ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33 వంటి హెచ్చరిక పదార్థాలను వదులుతాయి. వాటిని అందుకున్న రోగనిరోధక కణాలు మరో మూడు ఇంటర్‌ల్యూకిన్లను తయారుచేస్తాయి. ఐదో నంబరుది ఎముక మజ్జలో ఇసినోఫిల్స్‌ను పెంచి రక్తంలోకి పంపుతుంది. నాలుగో నంబరుది బీ కణాలను ఐజీఈ తయారీ వైపు తిప్పుతుంది. పదమూడో నంబరుది జిగురును పెంచుతుంది, కండరాన్ని బిగుసుకునే స్వభావానికి తెస్తుంది, పొర కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమును లేపుతుంది. ఈ మొత్తం వ్యవహారాన్ని టైప్-2 వాపు అంటారు. అంటే ఇసినోఫిల్, ఐజీఈ, నైట్రిక్ ఆక్సైడ్ అంకెలు మూడూ మూడు వేర్వేరు కొమ్మల నుంచి వచ్చినవి. ఒకటి ఎక్కువగా, మరొకటి మామూలుగా ఉన్నంత మాత్రాన ల్యాబ్ తప్పు చేసిందనుకోనక్కర్లేదు.

ఇలా కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించడాన్ని గౌతముడి న్యాయసూత్రాలు శేషవత్తు అన్నాయి. ఏరు నిండుగా, మట్టినీళ్లతో, వేగంగా వస్తుంటే ఎగువన వాన పడిందని తెలుసుకోవడం భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ. సూత్రాల రెండో అధ్యాయంలో దీని మీదే ఒక ఆక్షేపణ ఉంది. కింద ఎక్కడో అడ్డుకట్ట పడినా ఏరు నిండుతుంది. చీమలు గుడ్లు మోసుకుపోవడం వాన రాకకు గుర్తంటారు, పుట్ట చెదిరినా అవి అలాగే చేస్తాయి. నెమలి ఉందనడానికి గుర్తైన దాని కూతను మనిషీ కూయగలడు. కాబట్టి అనుమానం నమ్మదగినది కాదంటాడు ఎదుటివాడు. జవాబు చాలా చురుకైనది: అడ్డుకట్ట వల్ల నిండిన ఏరూ, వానతో వచ్చిన వరదా చూడ్డానికి ఒకటే గానీ ఒకే గుర్తు కావు, నురుగు, వేగం, కొట్టుకొచ్చే ఆకులూ కొమ్మలూ గమనించకపోవడం చూసినవాడి లోపం, అనుమానం లోపం కాదు. ఉబ్బసం పరీక్షల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి ఈ జవాబు సరిపోతుంది.

ఊపిరి పరీక్షనే తీసుకోవచ్చు. మనుషులు వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుందని 1991లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు చూపారు. ఉబ్బసం రోగుల్లో అది ఎక్కువని 1993లో అక్కడి నుంచే వెలువడింది. పరీక్ష చేసే విధానం చూస్తే గుర్తును గుర్తుగా నిలబెట్టడానికి ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. రోగి గాలి నిండా పీల్చి, గొట్టంలోకి సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున పది సెకన్లపాటు ఒకే తీరుగా వదలాలి. వేగంగా ఊదితే అంకె పడిపోతుంది, మెల్లగా ఊదితే పెరుగుతుంది. ముక్కు చుట్టూ ఉండే సైనస్‌లలో ఈ వాయువు ఊపిరితిత్తుల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని గొట్టంలో చిన్న ఎదురొత్తిడి పెడతారు. దాంతో అంగిలి వెనకభాగం లేచి ముక్కుదారి మూసుకుంటుంది, నాళాల గాలి మాత్రమే యంత్రానికి చేరుతుంది. ఇంత చేసినా, పరీక్షకు ముందు పాలకూరో బీట్‌రూటో తిన్నవాడికి అంకె పెరగవచ్చు. వాటిలోని నైట్రేటు అందుకు కారణం.

అన్నంభట్టు చెప్పే ఉపాధి, అంటే నియమం వెనక దాగిన షరతు, ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనడం తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే తడికట్టె కూడా తోడవాలి. ఆ తడికట్టె ఉపాధి. సిగరెట్టు, బీడీ తాగే ఉబ్బసం రోగిలో వాపు ఉన్నా ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ తక్కువగా రావచ్చు, పొగ అలవాటు దాన్ని అణుస్తుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నవాడిలోనూ అంకె తగ్గుతుంది. ఇలాంటి ఉపాధులను ముందే అడిగి తెలుసుకోని వైద్యుడు అంకెను చదివినట్టు కాదు.

అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్లలో 25 పీపీబీ లోపు తక్కువ, 50 పైన ఎక్కువ అన్నాయి. పిల్లల్లో ఆ హద్దులు 20, 35. పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం. తక్కువైతే ఇసినోఫిల్ వాపు, స్టెరాయిడ్‌కు స్పందన ఉండే అవకాశం తక్కువ. ఎక్కువైతే ఆ అవకాశం ఎక్కువ. మధ్యలో ఉంటే రోగి పరిస్థితిని బట్టి చూసుకోవాలి. ఆ హద్దులు ప్రధానంగా జవాబిచ్చేది మందు గురించిన ప్రశ్నకే, ఉబ్బసం ఉందా అన్న ప్రశ్నకు అంతగా కాదు. సాధ్యాన్ని మార్చుకున్నాకే ఆ హేతువుకు బలం వచ్చింది.

ఇసినోఫిల్ కథ ఇంతకంటే మెలికలు తిరిగినది, అందులో ఒక మలుపు మదనపల్లెలో ఉంది. ఇసిన్ అనే ఎర్ర రంగును ఇష్టంగా పీల్చుకునే ఈ కణాన్ని పాల్ ఎర్లిక్ 1879లో వర్ణించాడు. ఉబ్బసంతో దాని సంబంధం త్వరలోనే బయటపడింది, కణం లెక్క పెరిగితే ఉబ్బసమే అన్న అలవాటు కూడా పడింది. తెలుగు ఊళ్లలో 'ఇస్నోఫీలియా' అన్న మాట ఇవాళ్టికీ ఒక జబ్బు పేరుగా చలామణీ అవుతోంది. అసలు అది లెక్క పేరే గానీ జబ్బు పేరు కాదు. 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానటోరియం వైద్యులు ఫ్రిమోట్-మోలర్, బార్టన్ కలిసి క్షయలా కనిపిస్తూ రక్తంలో ఇసినోఫిల్స్ విపరీతంగా పెరిగే ఒక స్థితిని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వివరించారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరుపెట్టాడు. రాత్రిపూట దగ్గు, ఆయాసం, పిల్లికూతలు చూస్తే అచ్చం ఉబ్బసమే. మూలం మాత్రం బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమి. మైక్రోలీటరు రక్తంలో మూడు వేలు దాటే ఇసినోఫిల్స్ డైఇథైల్ కార్బమజీన్ బిళ్లలతో దిగిపోతాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ చేతిలో పెట్టి పంపితే క్రిమి అలాగే ఉంటుంది. బోదకాలు పాతుకుపోయిన గోదావరి జిల్లాల వంటి చోట్ల ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే జబ్బు కాదు. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా రెండుచోట్లా కనిపించే హేతువును నైయాయికులు సాధారణ అనైకాంతికం అన్నారు. ఉబ్బసానికి ఇసినోఫిల్ లెక్క సరిగ్గా అలాంటి హేతువే.

1989లో గిబ్సన్, సహచరులు కెనడా నుంచి మరో ఉదాహరణ తెచ్చారు. మొండి దగ్గు, తెమడ నిండా ఇసినోఫిల్స్. అయినా ఆ రోగుల నాళాలు ఉబ్బసంలోలా రెచ్చిపోయి బిగుసుకోవడం లేదు. పరీక్షలన్నీ చేసినా ఉబ్బసం లేదు. దీన్ని ఇసినోఫిలిక్ బ్రాంకైటిస్ అన్నారు. తేడా ఎక్కడుందో 2002లో బ్రైట్లింగ్ బృందం చూపింది: ఉబ్బసంలో మాస్ట్ కణాలు నాళం చుట్టూ ఉన్న కండరంలోకి చొచ్చుకుపోతాయి, బ్రాంకైటిస్‌లో పోవు. ఇసినోఫిల్స్ రెండింటిలోనూ సమానమే. ఎన్ని కణాలున్నాయన్నది లెక్కించడం తేలిక, అసలు తేడా ఏ కణం ఎక్కడ చేరిందన్న దాంట్లో ఉంది.

ఐజీఈ విషయంలో అనుమానం ఘనంగా గెలిచింది. 1921లో చేప పడని క్యుస్ట్నర్ రక్తరసాన్ని ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం పొడిస్తే దద్దురు లేచింది. రక్తంలో ఏదో పదార్థం ఉందని దాని పనిని బట్టి మాత్రమే తెలిసింది. అదేమిటో చేతికి చిక్కడానికి 45 ఏళ్లు పట్టింది. 1966, 67 సంవత్సరాల్లో డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. అయితే పదార్థం దొరికినంత మాత్రాన జబ్బు రుజువు కాదు. చర్మం మీద పురుగు సారం పొడిస్తే దద్దురు లేచేవాళ్లలో చాలామందికి ఆ దుమ్ములో కూర్చున్నా తుమ్ము కూడా రాదు. ఒంటికి ఆ పదార్థంతో ముఖపరిచయం ఉందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. కడుపులో నులిపురుగులున్నా మొత్తం ఐజీఈ పెరుగుతుంది.

ఇంతవరకూ చెప్పింది గుర్తుకీ వ్యాధికీ మధ్య సంబంధం ఎంత గట్టిదన్న దాని గురించి. అంతకంటే లోతైనది మరొకటి ఉంది: గుర్తు కేవలం గుర్తేనా, తానే కారణంలో భాగమా? పొగను ఊదేస్తే నిప్పు ఆరదు. ఇసినోఫిల్ పొగా, నిప్పా? దీన్ని తేల్చే అవకాశం ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ అనే మందుతో వచ్చింది. 2000లో స్వల్ప ఉబ్బసం ఉన్నవాళ్లకు ఒక్క మోతాదు ఇస్తే రక్తంలో ఇసినోఫిల్స్ దాదాపు పోయాయి, నాళాల చికాకు మాత్రం తగ్గలేదు. 2007లో 362 మందితో చేసిన ప్రయోగంలోనూ రోగులకు చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఇసినోఫిల్ ఒట్టి పొగ అని చాలామంది తీర్మానించేశారు. 2009లో రెండు చిన్న ప్రయోగాలు ఆ తీర్మానాన్ని తిరగదోడాయి. ఈసారి తెమడలో ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి, పదేపదే ఉబ్బసం ముదిరి స్టెరాయిడ్ బిళ్లలు మింగేవాళ్లనే తీసుకున్నారు. లెస్టర్‌లో హాల్డర్ బృందం 61 మందిలో చూసిన దాని ప్రకారం ఏడాదికి మనిషికి సగటున 3.4 సార్లు వచ్చే తీవ్ర దాడులు మందుతో 2కి దిగాయి. రోజువారీ ఆయాసం, ఊదే సామర్థ్యం మాత్రం పెద్దగా మారలేదు.

ఇందులో తత్త్వవిచారానికి దొరికే సరుకు చాలా ఉంది. ఉబ్బసానికి కారణం ఇసినోఫిలా అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ రెండూ తప్పు జవాబులే. ముదిరే దాడులకు అది కారణం; రోజూ ఉండే బిగువుకు, అంతగా కాదు. ఉబ్బసం అన్న ఒక్క పేరు కింద కనీసం రెండు విడి కార్యాలున్నాయి, వాటికి కారణాలూ వేరు. పాత ప్రయోగాలు ఓడిపోయింది సాధ్యాన్ని తప్పుగా రాసుకున్నందుకే. 2015లో మెపోలిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ ఇసినోఫిలిక్ రకానికే.

ఇదే దారిలో మరో విచిత్రం డుపిలుమాబ్ అనే మందు. ఇది ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండింటి సందేశాన్నీ ఆపుతుంది. దాడులు తగ్గుతాయి, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్, ఐజీఈ దిగుతాయి. రక్తంలో ఇసినోఫిల్స్ మాత్రం కొందరిలో కొంతకాలం పెరుగుతాయి. కణాలు రక్తం నుంచి కణజాలంలోకి వెళ్లే దారి మూసుకోవడం దీనికి కారణమని భావిస్తున్నారు. ల్యాబ్ కాగితం ఒక్కటే చదివేవాడికి రోగి దిగజారుతున్నట్టు కనిపిస్తుంది, రోగి మెట్లెక్కి వస్తూ ఉంటాడు. తెమడలో కనిపించే చార్కోట్-లైడెన్ స్ఫటికాల సంగతి దీనికి తిరగబడి నడిచింది. 19వ శతాబ్దం నుంచి వాటిని ఇసినోఫిల్స్ చచ్చి మిగిల్చిన చెత్తగానే చూశారు. అవి తామే వాపును రేపగలవని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపింది. నూరేళ్లకు పైగా గుర్తుగా ఉన్నది కారకుల జాబితాలోకి ఎక్కింది.

చరకసంహిత ఈ చిక్కును తన పద్ధతిలో ముందే చూసింది. విమానస్థానంలో రోగాన్ని తెలుసుకునే దారులు మూడని చెబుతుంది: ఆప్తోపదేశం (నమ్మదగినవారి మాట), ప్రత్యక్షం, అనుమానం. రోగి ఒంటి రుచిని నాకి చూడలేరు కాబట్టి, ఈగలు మూగితే ఒళ్లు తీపెక్కిందని ఊహించాలని అక్కడే ఉంది. లక్షణాలు దాగి ఉన్న రోగాన్ని ఉపశయంతో పరీక్షించమని సలహా: ఏ మందుకు, ఏ ఆహారానికి తగ్గుతుందో, దేనికి తగ్గదో చూసి రోగమేమిటో తేల్చాలి. నైట్రిక్ ఆక్సైడ్ హద్దులు అసలు చెప్పేది స్టెరాయిడ్‌కు తగ్గుతుందా లేదా అనే. ఆ లెక్కన అది ముందుగా తెలుసుకునే ఉపశయం. లెస్టర్‌లోనే 2002లో 74 మందిపై జరిగిన ప్రయోగం దీనికి బలమైన సాక్ష్యం. సగం మందికి మామూలు పద్ధతిలో లక్షణాలు చూసి మందు సర్దారు, మిగతా సగానికి తెమడలోని ఇసినోఫిల్స్ చూసి సర్దారు. ఏడాదిలో మొదటి గుంపులో 109 తీవ్ర దాడులు, రెండో గుంపులో 35. ఉప్పునీటి ఆవిరి పీల్పించి, తెమడ దగ్గించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వందల కణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టే ఆ పని అంత ఓపికా తీరికా ఉన్న కొద్ది చోట్లే జరుగుతుంది. రక్తపరీక్ష గెలిచింది నిజానికి దగ్గరగా ఉన్నందుకు కాదు, తేలిక కాబట్టి.

గుర్తు ఒకటి చెప్పి, రోగి మరొకటి చెబితే? 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెక్స్‌లర్ బృందం ఈ ప్రశ్నను సూటిగా పెట్టింది. ఉబ్బసం రోగులకు ఒకసారి సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ఒకసారి మందు లేని ఉత్తి ఇన్‌హేలర్, ఒకసారి నటనగా చేసిన ఆక్యుపంక్చర్, ఒకసారి ఏమీ ఇవ్వకుండా చూశారు. ఊదే శక్తి అసలు మందుతో 20 శాతం పెరిగింది, మిగతా మూడింటితోనూ 7 శాతం దగ్గరే ఆగింది. ఎంత తెరిపిగా ఉందని అడిగితే మాత్రం అసలు మందుకు 50 శాతం, ఉత్తి ఇన్‌హేలర్‌కు 45, ఉత్తుత్తి సూదులకు 46, ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతం మెరుగని చెప్పారు. రోగి అబద్ధం చెప్పలేదు. తన ఆయాసానికి తనే ప్రత్యక్ష సాక్షి, ఆ అనుభవంలో తెరిపి నిజమే. అయితే ఆ ప్రత్యక్షం నాళం గురించినది కాదు. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపమందు మింగి తెరిపి పడ్డామనే వాళ్ల మాటను కూడా ఇదే వెలుగులో చూడాలి: అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, దాన్నుంచి నాళం బాగైందని తేల్చనూకూడదు. ఉబ్బసం తనంతట తానే పెరిగి తగ్గే జబ్బు కావడంతో ఏ మందుకైనా మెప్పు దొరుకుతుంది. సాల్బుటమాల్ కూడా మరో రకంగా ఇదే భ్రమ కలిగిస్తుంది. కండరాన్ని సడలించి నిమిషాల్లో హాయినిస్తుంది, వాపును తాకదు. ఉబ్బసాన్ని దానొక్కదానితో నెట్టుకురావద్దని గినా అనే అంతర్జాతీయ సంస్థ 2019లో మార్గదర్శకాలు మార్చింది.

వ్యాప్తి ఎప్పటికీ పూర్తిగా రుజువు కాదని, అన్ని పొగలనూ అన్ని నిప్పులనూ చూసినవాడు లేడని, అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకోని చార్వాకులు వాదించారు. పెరియోస్టిన్ అనే ప్రోటీన్ ఆ వాదానికి ఈ కాలపు సాక్షి. అది రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు లెబ్రికిజుమాబ్ అనే ఉబ్బసం మందు బాగా పనిచేస్తుందని 2011లో తేలింది. 2016లో పెద్ద ప్రయోగాలు రెండు జరిగితే ఫలితాలు పొసగలేదు. గుర్తూ, మందూ రెండూ ఉబ్బసం రంగం నుంచి తప్పుకున్నాయి. వైద్యులు వాడే, మైక్రోలీటరు రక్తంలో 150, 300 అన్న ఇసినోఫిల్ హద్దులు కూడా ప్రకృతి గీసినవి కావు. ఆ లెక్క ఒకే మనిషిలో పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారుతుంది. ముందురోజు మింగిన ఒక్క ప్రెడ్నిసొలోన్ బిళ్ల దాన్ని పడగొడుతుంది. హద్దు ఉన్నది నిర్ణయం తీసుకోవడానికి. 299 ఉన్నవాడికీ 301 ఉన్నవాడికీ జబ్బులో తేడా లేదు.

చివరిగా మిగిలేది గుర్తు కనబడని రోగి. లేకపోవడాన్ని తెలుసుకునే దారిగా మీమాంసకుడు కుమారిలభట్టు సంప్రదాయం అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, విడి ప్రమాణంగా ఒప్పుకుంది. దానికి ఒక షరతు ఉంది: ఉండి ఉంటే తప్పక కనబడేదై ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు, చీకటి గదిలో అనకూడదు. స్టెరాయిడ్ బిళ్లల మీద ఉన్న రోగిలో ఇసినోఫిల్స్ తక్కువగా ఉండటం చీకటి గది. అందుకే పరీక్షను ఒక్కసారితో ఆపకుండా, వీలైతే మందు తగ్గించిన సమయంలో మళ్లీ చేయమంటారు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా ఏ టైప్-2 గుర్తూ లేని ఉబ్బసం రోగులు కొందరు ఉంటారు. కొందరిలో న్యూట్రోఫిల్స్ కనిపిస్తాయి, కొందరి తెమడలో చెప్పుకోదగ్గ కణాలే ఉండవు. ఊబకాయం, పొగ, ఇన్ఫెక్షన్లు వీళ్లలో తరచూ తోడుంటాయి. 2021లో వెలువడిన టెజెపెలుమాబ్ ప్రయోగంలో ఇసినోఫిల్స్ తక్కువున్న వాళ్లకూ కొంత మేలు కనిపించింది. ఆ మందు ఆపేది అన్నిటికంటే పైనున్న టీఎస్ఎల్‌పీని. 2017 నాటి ప్రయోగంలో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇసినోఫిల్స్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ దాడులను తగ్గించింది. ఈ రకానికి వైద్యులు వాడుతున్న పేరు 'టైప్-2 తక్కువ'. ఆ పేరు చెప్పేది దానిలో లేనిదాన్ని మాత్రమే. దానిలో ఉన్నదాన్ని చూపే సొంత గుర్తు ఇంతవరకూ వాడుకలోకి రాలేదు.